చిలుకకూ పడవకూ పందెం

మీ ఇంట్లో గ్లోబు ఉంటే తెచ్చుకోండి. లేకపోతే బడిలోని ప్రపంచపటం చూసినా చాలు. చెన్నై మీద వేలు పెట్టి తూర్పుకు, కాస్త దక్షిణంగా జరపండి. సుమత్రా, బోర్నియో, న్యూగినీ దాటిపోతాయి. ఆ తరువాత అంతా నీలమే. ఆ నీలంలో ఎవరో ఆవాలు చల్లినట్టు కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే ఫిజీ దీవులు. మొత్తం 300కు పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్న పెద్దది వితిలెవు. దాని ఆగ్నేయపు మూలన సముద్రం ఒడ్డున ఉన్న పట్టణమే సువా, ఫిజీ దేశపు రాజధాని.

ఈ నెల మనం సువాకు వెళదాం. ఊరు చూడటానికే కాదు, 2022 జులైలో అక్కడ జరిగిన ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు చూడటానికి కూడా.

సువాలో దిగగానే ఎవరైనా మిమ్మల్ని చూసి "బులా!" అంటారు. భయపడకండి. అది వాళ్ల నమస్కారం. ఆ మాటకు ప్రాణం, ఆరోగ్యం అని అర్థం. మీరూ "బులా" అంటే సరిపోతుంది. రెండడుగులు వేశారో లేదో వాన మొదలవుతుంది. సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. హైదరాబాదులో పడే వానకు ఇది మూడింతల పైమాటే! అదే దీవికి పడమటి వైపున్న నాంది, లౌతోకా పట్టణాలలో వాన చాలా తక్కువ. ఎందుకంటారు? సముద్రం మీదుగా ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగ్నేయపు గాలి వీస్తుంది. తడిగాలి వచ్చి వితిలెవు నడుమనున్న కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి వానై కురుస్తుంది. అది కొండ దాటేసరికి తడి అయిపోతుంది. అందుచేత పడమటి వైపు ఎండ కాస్తుంది, చెరుకు బాగా పండుతుంది.

చెరుకు అన్నాం గనక మనవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ తోటలలో పనిచేయటానికి ఇంగ్లీషువాళ్లు 1879 నుంచి 1916 వరకు మనదేశంనుంచి సుమారు 60,000 మందిని ఓడలలో తీసుకుపోయారు. ఐదేళ్లు పనిచేస్తామని ఒక అగ్రిమెంటు మీద వేలిముద్ర వేయించుకునేవారు. ఆ మాట నోళ్లలో నలిగి "గిర్మిట్" అయింది. 1903 నుంచి మద్రాసు రేవునుంచి కూడా ఓడలు కదిలాయి. వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు. చాలామంది మళ్లీ సొంత ఊరు చూడలేదు. వాళ్ల మునిమనుమలు ఇప్పుడు ఇంటిలో ఎక్కువగా ఫిజీ హిందీ మాట్లాడుతారు. అయినా సువా బజారులో రోటీ, కూర ఎక్కడైనా దొరుకుతాయి. అక్కడి "దాలో" అనే దుంపను చూస్తే మీకే తెలిసిపోతుంది, అది మన చేమదుంప!

ఫిజీలో ఫుట్‌బాల్‌ను బాగా పెంచింది కూడా ఈ గిర్మిట్ కుటుంబాలవారే. అక్కడి మూలవాసులకు రగ్బీ అంటే ప్రాణం. 1938లో ఏర్పడిన ఫుట్‌బాల్ సంఘం పేరులోనే "ఇండియన్" అన్న మాట ఉండేది. 1961లో ఆ మాట తీసివేసి అందరికీ తలుపులు తెరిచారు. మరి 2022 నాటి ఫిజీ ఆడపిల్లల జట్టులో చూస్తే ఎక్కువ పేర్లు మూలవాసులవే. ఆట ఇంటినుంచి ఇంటికి పోయినట్టు లేదూ?

ఆ జట్టుకు ముద్దుపేరు "కులా". మన "కులం" కాదు సుమా! అది ఫిజీ అడవులలోని ఒక చిన్న చిలుక పేరు. పచ్చని రెక్కలు, ఎర్రని రొమ్ము, నెత్తిన ఊదారంగు టోపీ. పూలలోని తేనె దాని ఆహారం. దాని ఎర్రని ఈకలను టోంగా, సమోవా దీవులవారు చాపల అంచులకు కుట్టుకోవటం కోసం పూర్వం పడవలమీద తెప్పించుకునేవారు.

ఇప్పుడు ఆట మైదానానికి పోదాం. లౌథాలా అఖాతం పక్కన, సుమారు 15,000 మంది పట్టే స్టేడియం అది. ఈ పోటీకి తొమ్మిది దేశాల జట్లు వచ్చాయి: ఫిజీ, పాపువా న్యూగినీ, సోలొమన్ దీవులు, సమోవా, టోంగా, తహితి, వనువాతు, న్యూ కలెడోనియా, కుక్ దీవులు. కుక్ దీవుల జనాభా మొత్తం కలిపినా 20,000 లేదు. మన పెద్ద గ్రామాలు కొన్ని ఇంతకంటే పెద్దవి. అయినా పదకొండుమందిని పోగుచేసుకుని వచ్చారు!

ఈ పోటీలో ఏముంది అంటారా? ఆడవాళ్ల ప్రపంచకప్పు 1991లో చైనాలో పన్నెండు జట్లతో మొదలైంది. 2023కు ముప్పైరెండు జట్లయ్యాయి. ఈ సముద్రపు దీవులలో ఏ ఒక్కటీ అప్పటివరకు ఆ పోటీలో కాలు పెట్టలేదు. కారణం న్యూజీలండు. 2006లో ఆస్ట్రేలియా ఆసియా జట్లతో చేరిపోయాక, ఈ ప్రాంతపు పోటీలో 2007, 2010, 2014, 2018లలో వరసగా న్యూజీలండే గెలిచింది. 2018 ఫైనల్లో ఫిజీని ఎనిమిది గోళ్ల తేడాతో ఓడించింది. ఫిజీకి ఒక్క గోలూ రాలేదు. కాని 2023 ప్రపంచకప్పును ఆస్ట్రేలియాతో కలిసి జరిపేది న్యూజీలండే. ఇంటివాళ్లకు ఎలాగూ చోటు ఉంటుంది గనక ఆ జట్టు సువాకు రాలేదు. పులి లేని అడవి అన్నమాట! మిగిలిన తొమ్మిదింటికీ ఆశ పుట్టింది.

అయితే ఒక మెలిక ఉంది. సువాలో గెలిచినంత మాత్రాన ప్రపంచకప్పుకు పోలేరు. మరుసటి ఫిబ్రవరిలో న్యూజీలండుకు పోయి, వేరే ఖండాలనుంచి వచ్చిన జట్లతో మళ్లీ తలపడాలి. మొత్తం పది జట్లకు మూడే చోట్లు.

జులై 13న ఆటలు మొదలయ్యాయి. మూడేసి జట్ల చొప్పున మూడు గుంపులు. తొలి దశలో ఒక్క జట్టే ఇంటిదారి పట్టింది. సెమీఫైనల్సులో ఫిజీ సోలొమన్ దీవులను, పాపువా న్యూగినీ సమోవాను ఓడించాయి. ఇక చిలుకలకు ఎదురు నిలిచినవాళ్లెవరో తెలుసా? "లకటోయి"లు, అంటే తెరచాప పడవలు!

పాపువా న్యూగినీ జట్టుకు ఆ పేరు ఊరికే రాలేదు. 800కు పైగా భాషలున్న ఆ దేశంలో, పోర్ట్ మోర్స్‌బీ దగ్గర మోటు అనే జనం ఉన్నారు. వాళ్ల ఆడవాళ్లు మట్టికుండలు చేసేవారు. మగవాళ్లు పెద్ద దోనెలను జతగా కట్టి, తెరచాపలెత్తి, ఆ కుండలు నింపుకుని పడమటి తీరానికి పోయేవారు. అక్కడ కుండలిచ్చి సగ్గుబియ్యపు పిండి తెచ్చుకునేవారు. (మన బజారులో దొరికే సగ్గుబియ్యం కర్రపెండలంతో చేసినది. అక్కడిది ఒక రకం తాటిచెట్టు బోదెలోని పిండి.) పోవటానికి ఆగ్నేయపు గాలి, అంటే సువాకు వానలు తెచ్చే గాలే! రావటానికి గాలి తిరిగేదాకా నెలల తరబడి కాచుకుని ఉండాలి. ఆ పడవలే లకటోయిలు.

జులై 30, శనివారం. ఫిజీవాళ్లకు సొంత ఊరు, సొంత మైదానం. అయినా పడవలే గెలిచాయి, ఒక్క గోలు తేడాతో, 2-1. పాపువా న్యూగినీ ఈ కప్పు అందుకోవటం అదే మొదటిసారి. ఫిజీ పిల్లలకు వరసగా రెండో ఫైనల్లోనూ ఓటమే. కాని ఎనిమిది గోళ్ల తేడా ఎక్కడ, ఒక్క గోలు ఎక్కడ!

2023 ఫిబ్రవరిలో న్యూజీలండులో పాపువా న్యూగినీకి పనామా ఎదురైంది. 2-0తో పనామా గెలిచింది. తరువాత పరాగ్వేను కూడా ఓడించి, ప్రపంచకప్పుకు మొదటిసారిగా వెళ్లింది.

సువా విడిచేముందు ఒక తమాషా చెప్పాలి. తేదీలు మారే రేఖ ఫిజీకి తూర్పున ఉన్నది. తహితి, కుక్ దీవులు దానికి అవతలివైపు. అందుచేత ఆ పిల్లలు సువాకు వచ్చేటప్పుడు ఒక రోజు పోగొట్టుకున్నారు. వాళ్ల ఇంట్లో మంగళవారమైతే సువాలో బుధవారం! సమోవావాళ్లు మాత్రం 2011 డిసెంబరు 30వ తేదీని క్యాలెండరులోనుంచి ఏకంగా ఎత్తివేసి ఇవతలికి వచ్చేశారు. గురువారం రాత్రి పడుకుని శనివారం లేచారట! తహితి, కుక్ దీవుల పిల్లలకు పోయిన రోజు మళ్లీ తిరుగు ప్రయాణంలో దొరికింది. సువాలో ఆదివారం విమానమెక్కితే, ఇంటి దగ్గర ఇంకా శనివారమే.