కాస్త పక్కకు జరుగమ్మా!

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవారికి ఈ ఫొటోల పిచ్చి ఎందుకండీ అని మా ఆవిడ తరచు అడుగుతూ ఉంటుంది. ప్రబంధాలలోని సూర్యాస్తమయాలకు ఇరవై యేళ్ళుగా అర్థతాత్పర్యాలు చెబుతున్నవాణ్ణి గదా, అసలు సూర్యాస్తమయాన్ని ఒకటి పట్టి దాచుకొందామనుకోవడంలో తప్పేమిటో మీరే చెప్పండి.

కిందటి దసరా సెలవుల్లో నేనూ, మా ఆవిడా, అమ్మాయీ, మా అమ్మా కలిసి ములుగు వైపు బయలుదేరాం. అమ్మకు 78 యేళ్ళు. తీర్థయాత్రకు కాకుండా, ఊరికే చూసి రావడానికని ఆవిడ ఇల్లు కదలడం అదే మొదలు.

వాజేడు దగ్గర బొగత జలపాతం చూశాం. నీళ్ళు పట్టు తెరలా జాలువారుతున్నట్లు ఫొటోలో రావాలంటే, కెమెరా కన్ను అర సెకను తెరచి ఉండాలి. ఆ అర సెకనూ కెమెరా కదలకూడదు. మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, ఊపిరి బిగపట్టాను. సరిగ్గా అప్పుడే అమ్మ చేతికర్ర ఊతంతో ఎదురుగా వచ్చి నిలబడింది.

“కాస్త పక్కకు జరుగమ్మా!” అన్నాను. జరిగింది. లక్నవరం చెరువులో వేలాడే వంతెన దగ్గరా ఇదే మాట అన్నాను. అక్కడా జరిగింది.

మరునాడు పాలంపేటలో రామప్ప గుడి చూశాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. సాయంత్రానికి చెరువు కట్ట చేరాం. పొద్దు వాలేవేళ వెలుతురు చాలా దూరం గాలిపొరల్లోంచి రావాలి. దారిలో నీలిరంగు చెదిరిపోయి, ఎరుపు మిగులుతుంది. ఆ ఎరుపు ఉండేది కాసేపే. నేను హడావుడిగా ఉన్నాను.

“తూమెక్కడరా అబ్బాయీ?” అంది అమ్మ.

“తూము గొడవ ఇప్పుడెందుకమ్మా? సూర్యుణ్ణి చూడు!”

“సూర్యుడు మన ఊళ్ళోనూ కుంకుతాడు. ఇన్ని నీళ్ళు ఎవరి పొలాలకు పోతున్నాయో చూడొద్దూ?”

చెరువు కింద రెండెకరాల మాగాణి ఉన్న ఇంట పుట్టింది మరి. నేను మళ్ళీ జరగమన్నాను. అమ్మాయి నానమ్మ చెయ్యి పట్టుకొని కట్ట దిగి వెళ్ళింది.

ఇంటికి వచ్చి లెక్క చూస్తే 612 ఫొటోలు! ఆదివారం నాడు ఇరుగుపొరుగువారు వచ్చారు. అందరికీ టీవీ తెర మీద వేసి చూపించాను. మెచ్చుకొన్నారు. అంతా అయిపోయాక అమ్మ, “బాగున్నాయిరా. మరి నేనున్నవి ఎప్పుడు వేస్తావు?” అంది.

నిష్ఠూరం కాదు. ఇంకా ఉన్నాయనే అనుకొంది, పాపం. నా నోట మాట రాలేదు.

నాన్నగారికి ఒక అగ్ఫా క్లిక్ కెమెరా ఉండేది. ఒక రీలుకు 12 ఫొటోలు. ఆ పన్నెండింటిలో మనిషి లేని ఫొటో ఒక్కటి ఉండేది కాదు. అమ్మను నిలబెట్టి, ముంగురులు సవరించుకోమని చెప్పి, “కదలకు!” అనేవారు. ఆయన కదలవద్దన్న మనిషిని నేను ఊరూరా పక్కకు జరిపాను.

ఆ రాత్రి అమ్మాయి తన సెల్‌ఫోను తెచ్చి ఒక ఫొటో చూపించింది. వంకరగా వచ్చింది, సగం చీకటి. నేనైతే అక్కడికక్కడే తుడిచేసి ఉండేవాణ్ణి. కట్ట కింద కాలువ ఒడ్డున అమ్మ వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. అవతల వరిచేను. కాకతీయుల నాటి చెరువు ఈనాటికీ పైరు పండిస్తున్నదన్న సంగతి నా 612 ఫొటోల్లో ఎక్కడా లేదు. అందులో ఉంది.

దానికి పటం కట్టించాను. “వచ్చే సెలవులకు మళ్ళీ వెళదామమ్మా” అంటే, “నా మోకాళ్ళనడుగు” అని నవ్వుతుంది.

మోకాళ్ళు ఒప్పుకొంటే, ఈసారి స్టాండు ఇంట్లోనే పెట్టి వెళతాను. చెరువు ముందు ఆవిణ్ణి నిలబెట్టి, నాన్నగారి మాటే నేనూ అంటాను: “కదలకమ్మా!”