నేను చెప్పని బిడ్



బ్రిడ్జి ఆటలో ఎవరి 13 ముక్కలు వారికే కనబడతాయి. ఎదుట కూర్చున్న భాగస్వామి చేతిలో ఏమున్నదో అతని బిడ్లను బట్టే గ్రహించాలి. తురుపు రంగు పొడుగ్గా ఉన్నప్పుడు 12 పట్లు గెలుస్తామనే ఆశ కలుగుతుంది. కానీ రెండు ఆసులు ప్రత్యర్థుల వద్ద ఉంటే ఆ ఆశ అక్కడే ముగుస్తుంది. అందుకే నాలుగు నో ట్రంప్ అని ఆసులు అడిగే బ్లాక్‌వుడ్ పద్ధతి వచ్చింది. దానికి ఐదు డైమన్లు అని జవాబిస్తే ఒక్క ఆసు ఉన్నదని అర్థం.

అమలాపురంలో ఈ పద్ధతిని నాకు నేర్పినవారు ఒక లెక్కల మాస్టారు. పదవీ విరమణ తరువాత కూడా సాయంత్రాలు మేమిద్దరం జతగా ఆడేవాళ్ళం. ఒకనాడు ఆయన ఆసులు అడిగారు. ఐదు డైమన్లు అన్నాను. ఆయన వద్ద ఉన్నదీ ఒక్కటే. ఐదు ఇస్పేట్ల వద్ద ఆగవలసినవారు ఆరు అన్నారు. మొదటి రెండు పట్లూ పోయాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మరికొన్ని వారాలకు అదే పొరపాటు మళ్ళీ జరిగింది. ఆ రోజే, "చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియడం లేదండీ డాక్టరు గారూ" అన్నారు. విని, ముక్కలు కలిపాను. ఆసుపత్రిలో ఒక రోగి ఆ మాట అని ఉంటే వెంటనే నాలుగు ప్రశ్నలు వేసేవాణ్ణి. మిత్రుడు నొచ్చుకుంటాడని పాస్ చెప్పాను.

ఏడు నెలల తరువాత ఆయన భార్య ఫోన్ చేశారు. ముక్తేశ్వరం రేవు నుంచి ఇంటికి దారి తోచక ఆయన నిలబడిపోయారట. పరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. ఆయన శాకాహారి, పాలు, పెరుగు సరిపడక మానేశారు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, కడుపులో మంటకు మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతున్నారు. ఈ రెండూ దీర్ఘకాలం వాడితే బి12 తగ్గవచ్చు. ఇంజెక్షన్లతో జ్ఞాపకశక్తి కొంత మెరుగుపడింది, పాదాల తిమ్మిరి మాత్రం పోలేదు. ఏడు నెలల ముందే మొదలుపెట్టి ఉంటే ఎంత దక్కేదో వైద్యుడిగా చెప్పలేను, మిత్రుడిగా మరువలేను.

పేకాట మతిమరుపును ఆపుతుందా అని చాలామంది అడుగుతారు. 75 ఏళ్ళు దాటిన 469 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2003లో వెలువడింది. బల్లపై ఆడే ఆటల అలవాటు ఉన్నవారిలో మతిమరుపు వ్యాధి తక్కువగా కనబడింది. అయితే మెదడు మందగించడం మొదలైనవారే ముందు ఆట మానేసి ఉండవచ్చు కదా! కాబట్టి ఆటను మందుగా భావించకండి.

మీ ఆట భాగస్వామి, మీ తోబుట్టువు, మీ జీవిత సహచరి అలవాటైన పనిలో పదేపదే తడబడితే వయసు అని సరిపెట్టుకోకండి. బి12, థైరాయిడ్, వినికిడి, మనోవ్యాకులత, వాడే మందులు, తలకు తగిలిన దెబ్బ, అన్నీ వైద్యునితో చూపించండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

మేము ఇప్పటికీ ఆడుతున్నాము. ఆసులు అడిగాక మాస్టారు నా జవాబును చిన్న కాగితంపై రాసుకుంటారు. నియమాల ప్రకారం అది కూడదు. మా బల్ల వద్ద ఎవరూ అభ్యంతరం చెప్పరు.