న్యూయార్క్‌ను పాడిన లారా!

న్యూయార్క్ అనగానే టైమ్స్ స్క్వేర్ దీపాలూ, లిబర్టీ విగ్రహమూ గుర్తొస్తాయి. ఆ నగరాన్ని చెవులతో చూడాలనుకుంటే మాత్రం బ్రాంక్స్‌లో గ్రాండ్ కాంకోర్స్ రోడ్డు కిందుగా వెళ్లే డి రైలు ఎక్కాలి. తోడుగా లారా నీరో పాటలుండాలి.

పేరు కొత్తగా ఉందా? అమెరికాలోనూ చాలామందికి అంతే. కానీ ఆమె పాటలు అక్కడ ఇంటింటికీ తెలుసు! 'వెడ్డింగ్ బెల్ బ్లూస్'ను ఫిఫ్త్ డైమెన్షన్ బృందం పాడితే 1969లో నంబర్ వన్ అయింది. 'స్టోనీ ఎండ్' బార్బ్రా స్ట్రైసాండ్‌కు పెద్ద హిట్టు. రెండూ రాసింది, స్వరపరిచింది, ముందుగా పాడింది లారాయే.

ఆమె 1947లో బ్రాంక్స్‌లోనే పుట్టింది. తండ్రి పియానోలు శ్రుతి చేసేవాడు, జాజ్ ట్రంపెట్ వాయించేవాడు. ఇంట్లో అది వింటూ పెరిగిన పిల్ల, బయట సబ్‌వే స్టేషన్లలో వాద్యాల్లేకుండా పాడే కుర్రాళ్లతో గొంతు కలిపేది. సొరంగం గోడల ప్రతిధ్వనే వాళ్లకు పక్కవాద్యం.

రైలు హార్లెమ్ నది కిందుగా మాన్‌హట్టన్ చేరుతుంది. 145వ వీధిలో దిగి దక్షిణంగా పది వీధులు నడిస్తే బురుజులతో కోటలాంటి భవనం. లారా చదివిన సంగీత, కళల హైస్కూలు అప్పట్లో అక్కడే ఉండేది.

మళ్లీ రైలెక్కి సెవెన్త్ అవెన్యూ స్టేషన్లో దిగితే కార్నెగీ హాలు దగ్గరే. 1969లో ఆమె అక్కడ కచేరీ చేసింది. 'న్యూయార్క్ టెండబెర్రీ' ఆల్బం వచ్చిందీ ఆ ఏడాదే. చాలాసేపు పియానో, గొంతు... అంతే. ఉన్నట్టుండి బాకాలు విరుచుకుపడతాయి. మళ్లీ నిశ్శబ్దం. అర్ధరాత్రి ఖాళీ వీధిలో నడుస్తుంటే పక్క సందులోంచి కారు దూసుకొచ్చినట్టుంటుంది! లయ ఆమె మాట వింటుంది తప్ప ఆమె లయ మాట వినదు. మన రంగస్థల నటుడు పద్యం మధ్యలో ఆగి, తన ఇష్టం వచ్చినంతసేపు రాగం తీస్తాడే... అలాగన్నమాట. మరుసటి ఏడాది ఆల్బంలో జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్ట్రేన్ హార్ప్ వాయించింది.

రేడియోకు ఇలాంటి పాటలు కొరుకుడు పడలేదు. ఇతరులు వాటి ఎగుడుదిగుళ్లను చదును చేసి పాడితే జనం ఎగబడ్డారు. లారా మాత్రం తన పాటను మార్చుకోలేదు. అందుకే పాటలకు పేరొచ్చింది, గొంతు మరుగున పడింది.

అదే రైల్లో ఇంకా కిందికెళితే ఈస్ట్ విలేజ్. 1971 మేలో అక్కడి ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో పాడింది. మరుసటి నెలలోనే ఆ హాలు మూతపడింది. ఆ కచేరీ రికార్డింగు 2004లో గానీ వెలుగు చూడలేదు. అప్పటికి లారా లేదు. అండాశయ క్యాన్సర్‌తో 1997లో, 49 ఏళ్లకే కన్నుమూసింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2012లో దక్కింది.

న్యూయార్క్ వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. 'వెడ్డింగ్ బెల్ బ్లూస్' ముందు ఫిఫ్త్ డైమెన్షన్ పాడింది వినండి. తర్వాత లారా పాడింది వినండి. మొదటిది పెళ్లి విందులా ఉంటుంది. రెండోది, పెళ్లవుతుందో లేదో తెలియని అమ్మాయి మాట్లాడినట్టు ఉంటుంది!