గోడ బయట కారే గొట్టం

మాంచెస్టర్ చలిలో అమ్మ స్వెటర్ మీద శాలువా కప్పుకుని కూర్చుంది.
బాయిలర్ ప్రెషర్ ముల్లు సున్నా దగ్గర. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి.

ఇంట్లో ఎక్కడా తడి లేదు. బయట గోడలోంచి వచ్చే రాగి గొట్టం మాత్రం కారుతోంది.

గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్‌ని పిలిచాం.
నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి కదా, వాటికి చోటిచ్చేది ఎక్స్‌పాన్షన్ వెసెల్. అందులో గాలి తగ్గింది. ప్రెషర్ 3 బార్‌కి చేరగానే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు ఆ రాగి గొట్టంలోంచి బయటికి పోతున్నాయి.

గాలి నింపాడు, వాల్వ్ మార్చాడు.
వాల్వ్ ఒక్కటే మార్చి వెళ్లిపోతే మళ్లీ ఇదే కథ. కారణం దాకా వెళ్లే పనివాళ్లంటే నాకెంతో గౌరవం.

అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు ఆ ముల్లు ఓసారి చూసుకోండి.
మీ ఇంట్లో ఎక్కడ కారింది? చెప్పండి.