పక్కింటి పళ్లెం

పండుగనాడు పొరుగింటి నుండి వచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపరాదన్నది మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న మర్యాద. ఆ మర్యాదను నేను ఒక పర్యాయం తప్పాను. ఖాళీగా పంపి కాదు. నిండుగా, పైన కప్పిన గుడ్డయినా తొలగించకుండా తిప్పి పంపి.

విశాఖ పాతపట్నంలో పెరిగినవారికి భిన్న మతాల సాన్నిధ్యం వింత విషయం కాదు. ఓడరేవు కాలువ ఒడ్డున వరుసగా నిలిచిన కొండల మీద వేంకటేశ్వరస్వామి ఆలయం, కొండగుడి అని జనం పిలిచే మరియమాత దేవాలయం, ఇస్‌హాక్ మదీనా దర్గా ఉన్నాయి. ఏ దేశపు ఓడ అయినా ఈ మూడింటి ఎదుటగానే రేవులో ప్రవేశించాలి. ఆ కొండల దిగువనే మా ఇల్లు. మా ఇంటికీ, పోర్టులో కలాసీగా పనిచేసిన పొరుగాయన ఇంటికీ నడుమ ఒక పిట్టగోడ మాత్రమే అడ్డు. ఆయన భార్యను మేము పెద్దమ్మా అని పిలిచేవారం.

డిసెంబరు 8న కొండగుడి ఉత్సవం ముగియగానే ఆ ఇంట క్రిస్మస్ సందడి మొదలయ్యేది. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి, లోపల దీపం అమర్చి, చూరుకు నక్షత్రం కట్టేవారు. అరిసెలు, జంతికలు, గులాబీ పువ్వులు రోజుల తరబడి వండేవారు. ఒక మూల గడ్డితో పశువులపాక వెలిసేది. మరియమ్మ, యోసేపు, గొర్రెలు అన్నీ ఉన్నా తొట్టి మాత్రం ఖాళీగా ఉండేది. ఎందుకని చిన్నతనంలో నేనడిగితే, “ఇంకా పుట్టలేదు కదా బాబూ!” అని పెద్దమ్మ నవ్వింది. ఇరవైనాలుగవ తేదీ అర్ధరాత్రి పూజ నుండి తిరిగివచ్చాకనే బాలయేసు ప్రతిమను అందులో ఉంచేవారు.

సాయంకాలం కుటుంబ ప్రార్థనలో ఆమె బైబిలు బిగ్గరగా చదివేది. ఉర్దూ మాట్లాడే ఇంట పుట్టిన నాకు గంభీరమైన తెలుగు వాక్యం తొలుత చెవినిపడినది పిట్టగోడ ఆవలి నుండే. 1805లో లండన్ మిషనరీ సంఘానికి చెందిన క్రాన్, డెస్‌గ్రాంజ్ ఈ పట్నానికే వచ్చారనీ, ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తల తెలుగు అనువాదం ఇక్కడ సాగిందనీ, వాటిలో మూడు 1812లో వంగదేశంలోని శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారనీ తరువాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను.

నేను ఎం.ఏ. చదువుతున్న రోజులవి. ఎవరో చేసిన ఉపన్యాసం తలకెక్కి, అన్యుల పండుగ తినుబండారం ముట్టరాదని నిశ్చయించుకున్నాను. క్రిస్మస్ ఉదయం పెద్దమ్మ చిన్న కొడుకు పళ్లెం తెచ్చాడు. ఇంట్లో అమ్మీ లేదు. “మేము తినము, తీసుకుపో” అన్నాను. వాడు బిత్తరపోయి చూసి వెళ్లిపోయాడు.

విషయం తెలిసి అమ్మీ కంటనీరు పెట్టుకున్నది. అబ్బాజాన్ కోపగించలేదు. “ఖుర్ఆన్‌లో ఐదవ సూరా పేరేమి?” అని అడిగారు. “అల్ మాయిదా” అన్నాను. “అంటే?” “వడ్డించిన భోజనం.” “అర్థం తెలిసి చదివి, ఆ తరువాత నాతో మాట్లాడు” అన్నారు.

చదివాను. గ్రంథప్రజల ఆహారం మనకు ధర్మసమ్మతమని అయిదవ వాక్యంలోనే ఉన్నది. సూరా చివరి భాగంలో ఈసా ప్రవక్త శిష్యులు ఆకాశం నుండి భోజనం దిగివచ్చేలా ప్రార్థించమని కోరతారు; అది మా అందరికీ పండుగ కావాలని ఆయన దైవాన్ని వేడుకుంటాడు. ఆ ఘట్టం వల్లనే సూరాకు ఆ పేరు వచ్చింది. ఎన్నోసార్లు పారాయణ చేసినా అర్థం మనసుకెక్కించుకోని నా అజ్ఞానానికి సిగ్గుపడ్డాను.

మా విశ్వాసాలు ఒకటేనని నేననను. ఈసాను మేము ప్రవక్తగా గౌరవిస్తాం, దైవకుమారుడని నమ్మము. ఆయన తల్లి మరియం పేర పందొమ్మిదవ సూరాయే ఉన్నా, పెద్దమ్మ మరియమాతను వేడుకున్నట్లు మేము వేడుకోము. ఈ భేదం పెద్దమ్మకూ తెలుసు. ఆమె దానిని దాచలేదు, చెరపబూనలేదు. పళ్లెం పంపడానికి మాత్రం అది ఆమెకు ఏనాడూ అడ్డు కాలేదు.

ఆ సాయంత్రమే వెళ్లి తలవంచుకుని గుమ్మంలో నిలిచాను. లోపల తొట్టిలో బాలుని ప్రతిమ ఉన్నది. “తినడం, తినకపోవడం నీ ఇష్టం బాబూ! పంపకపోతే మాకు పండుగ కాదు” అంటూ పెద్దమ్మ అదే పళ్లెం చేతిలో పెట్టింది. రంజాన్‌కు అమ్మీ అందులోనే షీర్‌ఖుర్మా గిన్నె పెట్టి పంపింది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆనాడు పళ్లెం తెచ్చిన బాలుడు ఉక్కునగరంలో కాపురముంటున్నాడు. ఏటా డిసెంబరు 25న నా పిల్లలతో వాళ్లింటికి వెళ్తాను. ఆనాటి సంగతి అతడు ఎన్నడూ ఎత్తలేదు. నేను మరువలేదు.