పదివేల అడుగుల పెత్తనం

పొద్దున్నే పార్కులో నడవడంలో నాకున్న సుఖమంతా కబుర్లే. ఆరోగ్యం ఆ తర్వాతి మాట. నలుగురం కలిసి నడుస్తూ, ఏ రాజకీయం దగ్గరో మాట వేడెక్కితే దారి మధ్యలోనే నిలబడి, అక్కడే తేల్చుకుని మళ్ళీ కదిలేవాళ్ళం. ఒకాయన కూతురికి వచ్చిన సంబంధం గురించి చెబుతుంటే ఎవరూ అడుగు ముందుకేసేవాళ్ళు కాదు, వేస్తే మర్యాద కాదు కూడా. వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని ఈ ఏడు ఆవకాయకి కాయ ఎక్కడ బాగుందో వాకబు చేయడం కూడా నడకలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఆగడం ఇప్పుడు పోయింది. అందరి చేతులకీ స్మార్ట్‌వాచీలు వచ్చాయి. "మీరు కానివ్వండి, నాకింకా రెండు వేలు బాకీ" అంటూ ఒకాయన ముందుకెళ్ళిపోతాడు. ఇంకొకాయన మన మాటకి ఊఁ కొడుతూనే మణికట్టు తిప్పి చూసుకుంటాడు. చెప్పేవాడి మాట సగంలో నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి కలిసి నడిచిన మనుషులు ఒకే దారిలో విడివిడిగా నడుస్తుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటోంది.

ఇంతకీ ఎవరికి బాకీ? పదివేలని ఎవరు పెట్టారు? ఆ లెక్క ఏ ఆస్పత్రిలోనూ పుట్టలేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జపాన్ జనానికి వ్యాయామం మీద ధ్యాస మళ్ళింది. ఆ ఊపులో మరుసటేడు యమాసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే మీటరు ఒకటి అమ్మకానికి తెచ్చింది. దాని పేరు మాన్‌పో-కేయ్, అంటే పదివేల అడుగుల మీటరు. చెప్పుకోవడానికి బాగుండే గుండ్రటి అంకె. అంతకు తక్కువైతే జబ్బు చేస్తుందని ఏ వైద్యుడూ పరీక్షించి పెట్టిన హద్దు కాదది. అరవై ఏళ్ళ నాటి ఆ సరుకు పేరు ఇవాళ మన పార్కులో, మన స్నేహాల మీద పెత్తనం చేస్తోంది.

ఆ అంకెని నిజంగా పరీక్షించి చూసినవాళ్ళు లేకపోలేదు. హార్వర్డ్‌లో పనిచేసే ఐ-మిన్ లీ, ఆమె బృందం అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల మందికి పైగా ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టి, 2019లో ఫలితాలు ప్రకటించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో, వాళ్ళని గమనించిన నాలుగేళ్ళ పైచిలుకు కాలంలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాకా వచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగిపోయింది. పెద్దవాళ్ళకి ఇంతకంటే చల్లటి కబురేముంటుంది? ఇంటిపనీ, గుడీ, కూరగాయల కొట్టూ కలుపుకుంటేనే చాలామందికి నాలుగువేలు దాటిపోతాయి. కానీ వాచీలో ఈ కబురు కనబడదు. అందుకే మా అపార్ట్‌మెంటులో ఒక పెద్దావిడ మోకాళ్ళు పట్టేసి కూడా రాత్రి పదింటికి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంటారు. "ఇంకెంతండీ, ఎనిమిది వందలే" అంటారు. ఆవిడ మొహంలో బాధ కనబడుతూనే ఉంటుంది. ఆ వాచీని తీసి అలమరలో పెట్టమని చెప్పే చొరవ పక్కింటివాళ్ళకి లేదు, చెప్పవలసిన పిల్లలు ఊళ్ళో లేరు.

ఆ యంత్రం మీద నాకు పగ లేదు. దాని అడుగున మినుకుమినుకుమనే పచ్చదీపం చేసే పని అద్భుతమైనదే. రక్తం పచ్చకాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం ఎగదన్ని వస్తుంది, కాంతి ఇంకాస్త ఎక్కువ ఇంకిపోతుంది. తిరిగొచ్చే వెలుగులో ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కగడితే అదే మన నాడి. పట్టీ వదులైతే, చెయ్యి ఎక్కువ ఊగితే ఆ లెక్క తప్పుతుంది, అంతే. 2018లో ఆపిల్ వాచీకి ఈసీజీ కూడా వచ్చింది, పక్కనుండే మీట మీద రెండో చేతి వేలు ఆనిస్తే చాలు. గుండె పైగదులు లయ తప్పి అదిరే జబ్బొకటుంది. అది చాలాసార్లు మనిషికి తెలియకుండానే ఉంటుంది, పక్షవాతానికి దారితీయవచ్చు. స్టాన్‌ఫర్డ్ వైద్యులు వాచీ ఆ జబ్బుని పట్టగలదా అని నాలుగు లక్షల మందికి పైగా వాచీ పెట్టుకున్నవాళ్ళ మీద పరిశీలించారు. లయ తేడాగా ఉందన్న హెచ్చరిక వచ్చింది వాళ్ళలో అర శాతం మందికే. హెచ్చరిక వచ్చాక ఛాతీకి పట్టీ అతికించుకుని పరీక్ష చేయించుకున్నవాళ్ళలో మూడో వంతు మందికి ఆ జబ్బు బయటపడింది. నూటికి తొంభైతొమ్మిది మందికి ఇందులో ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. మిగిలిన ఆ ఒక్కడు మన ఇంటివాడైతే ఆ వాచీకి దండం పెట్టాలి. చెవులు వినబడనివాళ్ళని మణికట్టు మీద చిన్న అదురుతో నిద్ర లేపేది, ఒంటరిగా ఉన్న ముసలాయన బాత్రూములో జారిపడితే కొడుక్కి కబురందించేది కూడా ఇలాంటి వాచీయే. వీటి దగ్గర నేను వాదించను.

షుగరు దగ్గర మాత్రం గట్టిగా వాదిస్తాను. మన ఇళ్ళలో షుగరు లేని ఇల్లు అరుదు. సూది గుచ్చకుండా షుగరు చెబుతుందంటూ తక్కువ ధరకి వాచీలు అంటగడుతున్నారు. వాచీగానీ ఉంగరంగానీ సొంతంగా రక్తంలో చక్కెర కొలుస్తుందంటే నమ్మవద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇన్సులిన్ మోతాదు ఆ అంకె చూసి వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. దయచేసి మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఏముందో ఒకసారి చూడండి.

ఆ చేతికి వాచీ తొడిగింది చాలాసార్లు అమెరికాలో ఉన్న పిల్లలే. గుంటూరులో మా పెద్దమ్మ ఉంది. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. కొడుకు డల్లాస్ నుంచి ఖరీదైన ఆపిల్ వాచీ తెచ్చి పెట్టాడు. ఆవిడ నాడి, నడక, నిద్ర అన్నీ అక్కడ అతని ఫోన్లో కనబడతాయి. ఆపిల్ వాళ్ళు 2021 నుంచి ఆ ఏర్పాటు పెట్టారు. కొడుకు ప్రేమకొద్దీ చేసిన పనే, అందులో సందేహం లేదు. కానీ మొన్న వెళ్ళినప్పుడు పెద్దమ్మ అన్న మాట నన్ను వదలడం లేదు. "ఇదివరకు ఫోన్ చేస్తే నిద్ర పట్టిందా అమ్మా అని అడిగేవాడురా. ఇప్పుడు అడగడు. రాత్రి ఆరున్నర గంటలు పడుకున్నావు, బాగానే ఉంది అని వాడే చెబుతాడు."

ఆరున్నర గంటలూ ఆవిడ పడుకోలేదు. సగం రాత్రి కళ్ళు మూసుకుని, కదలకుండా, పోయిన పెదనాన్ననీ అమ్మేసిన ఇంటినీ తలుచుకుంటూ ఉంది. వాచీకి తెలిసింది కదలికా నాడీ మాత్రమే. కదలకుండా మేలుకున్న మనిషిని అది నిద్రపోయినట్టే రాసుకోగలదు. తిన్నావా, పడుకున్నావా అనే రెండు ప్రశ్నల మీద మన కుటుంబాల్లో ఎన్ని మాటలు నడిచాయో! పప్పు మాడిన సంగతీ, పక్కింటావిడతో పేచీ, మోకాలి నొప్పీ, చెప్పకూడదనుకున్న దిగులూ అన్నీ ఆ ప్రశ్నల వెనకే వచ్చేవి. జవాబు ముందే తెలిసిపోయినవాడు ప్రశ్న వెయ్యడు. నాకు ఈ వాచీల మీదున్న ఫిర్యాదంతా ఇదే. పిల్లలారా, ఫోన్లో అంకె చూసుకోండి, తప్పులేదు. చూశాక కూడా అడగండి.

అంకెని నమ్ముకోవడం పిల్లలకీ మంచిది కాదు. ఒంటికి హాయిగా ఉన్నా వాచీలో నిద్ర స్కోరు తగ్గిందని దిగాలుపడేవాళ్ళని, మంచి స్కోరు కోసం మంచం మీదే ఎక్కువసేపు దొర్లేవాళ్ళని గమనించి, నిద్ర వైద్యులు 2017లో ఆ దిగులుకి ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు.

ఆ డల్లాస్ వాచీ రాకముందు పెద్దమ్మ చేతికి ఉండేది హెచ్.ఎం.టి. వారి ఆడవాళ్ళ వాచీ. డయలు లోపలి వైపుకి తిప్పి కట్టుకునేది. చాక్‌పీసు పొడి పడకుండా అనేది. పొద్దున కాఫీ తాగి, రేడియోలో వార్తలకి ముందు వచ్చే టింగు టింగులకి ముల్లు సరిచేసి, కీ ఇచ్చేది. కీ ఇవ్వడంలో ఒక ఒడుపు ఉంది. చివర్లో బిగుసుకునే చోట ఆపెయ్యాలి, బలవంతంగా ఇంకో చుట్టు తిప్పామా స్ప్రింగు తెగినా తెగుతుంది. మమ్మల్ని తిప్పనిచ్చేది కాదు. పరీక్షల్లో మంచి మార్కులొచ్చిన రోజున మాత్రం ఇచ్చేది. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడే ఆ టిక్కుటిక్కు ఇప్పటి ఏ స్మార్ట్‌వాచీలోనూ లేదు.

బెంగళూరులో 1961లో, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్... ఆ పేర్లు వింటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. కాంచన్ బంగారు పూతతో, కీ అక్కర్లేని ఆటోమేటిక్. పెళ్ళికొడుక్కి ఏ వాచీ పెడతారన్న దగ్గర మాటలు తెగని రోజులవి. మన హైదరాబాదు ఆల్విన్ కూడా జపాన్ సైకో వారితో కలిసి వాచీలు చేసింది. బీరువాలూ ఫ్రిజ్‌లూ డబుల్ డెక్కర్ బస్సుల బాడీలూ చేసిన చేత్తోనే అంత సన్నని పని కూడా చేసిన కంపెనీ అది. దాన్ని ఈ తరం మరిచిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. టైటాన్ హోసూరు నుంచి బ్యాటరీ వాచీలు దింపాక కీ ఇచ్చే వాచీల కాలం మారింది. హెచ్.ఎం.టి. వాచీల విభాగాన్ని మూసెయ్యడానికి 2016లో కేంద్రం ఒప్పేసుకుంది.

గుంటూరులో పెద్దమ్మ వాచీని చూసే మెకానిక్కు ఇప్పటికీ ఒక మెట్ల కింద గదిలో కూర్చుంటాడు. కంటికి భూతద్దం, ముందు గాజు మూతల కింద గవ్వంత చక్రాలు. స్మార్ట్‌వాచీ తీసుకెళ్తే అటూ ఇటూ తిప్పి "ఇవి మనకి రావండీ, అంతా జిగురు" అని తిరిగిచ్చేస్తాడు. బ్యాటరీ నీరసిస్తే దానికి అతని దగ్గర మందు లేదు. జనతా అయితే అలా కాదు. విప్పి, కడిగి, నూనె పెట్టి వారంలో చేతికిస్తాడు.

ఈమధ్య కుర్రాళ్ళకి పాత హెచ్.ఎం.టి.ల మీద మోజు పుట్టింది. మంచి సంగతే. కానీ కొనేటప్పుడు జాగ్రత్త. పాత డయలుకి కొత్త రంగేసి, ఎక్కడెక్కడివో ముక్కలు కలిపి అమ్మేవాళ్ళు బోలెడంతమంది. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే, నిమిషాల గీతలు ముల్లుకి సరిగా ఆనకపోతే అది రంగేసిన డయలే. వెనక మూత తీయించి లోపల మిషను చూడందే డబ్బివ్వకండి. తెలిసిన మెకానిక్కుని వెంటబెట్టుకెళ్తే ఇంకా మంచిది.