అన్నీ నీటికాకులేనా?

నల్లగా ఉండి నీళ్ళలో మునిగితే చాలు, మా పిఠాపురం వైపు దాని పేరు నీటికాకి. అంతకుమించి పహచాన్ ఎవరికీ అక్కర్లేదు. కాస్త సబర్‌తో నిలబడి చూస్తే ఆ ఒక్క పేరు కింద ఎన్ని జిందగీలున్నాయో తెలుస్తుంది.

మా భాంజాకి పిట్టలంటే షౌక్. ఉప్పాడ వైపు వెళ్ళినప్పుడల్లా "మామూ, అదేంటి?" అని ప్రాణం తీస్తాడు. వాడికి నేను చెప్పిన ఉసూల్ ఒక్కటే: రంగు కాదు బేటా, ముక్కు చూడు.

ముక్కు పొట్టిగా, ఒళ్ళు అరమీటరు పొడవుంటే చిన్న నీటికాకి. చెరువుల్లో, కాలవల్లో ఎక్కువగా కనబడేది ఇదే. ముక్కు సన్నగా, పొడుగ్గా ఉండి, కళ్ళు నీలం కలిసిన ఆకుపచ్చగా మెరిస్తే ఇండియన్ కార్మొరెంట్. దీనిది జమాత్ పద్ధతి. గుంపుగా చేపల్ని తరుముతుంది. 80 సెంటీమీటర్లు దాటిన భారీ మనిషి పెద్ద నీటికాకి. ముక్కు మొదట్లో పసుపు చర్మం, గూళ్ళు కట్టే రోజుల్లో తొడ మీద తెల్లమచ్చ దీని నిషానీ.

మెడ ఒక్కటే పాములా నీళ్ళపైన కదులుతుంటే అది డార్టర్. నీటికాకి ముక్కు చివర కొక్కెం ఉంటుంది, చేపని పట్టుకుంటుంది. డార్టర్ ముక్కు బాకులా సూటిగా ఉంటుంది, పొడుస్తుంది. తడిసిన రెక్కల్ని మా నానీ చాదర్ ఆరేసినట్టు రెండూ ఆరేస్తాయి. కాబట్టి ఆ గవాహి మీద ఫైసలా చెయ్యకూడదు.

సలీం అలీ సాబ్ కూడా బచ్‌పన్‌లో, తను కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ చూసి 'ఇదేంటి' అని అడిగిన పిల్లాడే. ఆ సవాలే ఆయన్ని అంతదూరం తీసుకెళ్ళింది.

మొన్న ఒక చేపల చెరువు గట్టున కాపలా మనిషి టపాసులు పేలుస్తున్నాడు. నీటికాకులతో పాటు బొల్లికోళ్ళు కూడా లేచిపోయాయి. నల్లటి ఒళ్ళు, తెల్లటి ముక్కు, తెల్లటి నుదురు. అవి ఎక్కువగా తినేది నాచు, నీటిమొక్కలు.

"వాటినెందుకు బాబాయ్?" అన్నాను.

"నల్లయే కదండీ. అన్నీ దొంగలేనండి."

అద్దె ఇళ్ళ గుమ్మాల్లో "మీవాళ్ళంతా ఇంతే" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ ఇల్జామ్‌కి జవాబివ్వడం నాకు ఇప్పటికీ ముష్కిలే.

మావాడికి ఆ బరువింకా తెలీదు. బైనాక్యులర్ ఆయన చేతికిచ్చి, "తాతా, దాని ముక్కు చూడండి. అది గడ్డి తింటుంది" అన్నాడు.

ఆయన చాలాసేపు చూశాడు.